సగం గీసిన విల్లు

దుమ్ముగూడెం దాటి చర్ల వైపు వెళ్లే దారిలో ఒక కోయ గూడెం. పొయ్యి మీది అటకలో పొగ పట్టి, పాత తేనె రంగుకు వచ్చిన విల్లు ఒకటి కనిపిస్తే, దాన్ని చేసిన తాతను అడిగి కిందికి దించుకున్నాను. పొడవు నాలుగున్నర అడుగులు. నడుమ పట్టు దగ్గర వెడల్పు 36 మిల్లీమీటర్లు, కొసల దగ్గర 12. ఈ కొలతలు తర్వాత టేపు పెట్టి తీసుకున్నవి. ముందు నేను చేసింది కళ్లు మూసుకుని బొటనవేలిని పట్టు నుంచి కొసదాకా జార్చడం. ఎక్కడా మెట్టు తగల్లేదు. సన్నబడటం ఎక్కడ మొదలైందో వేలికి తెలియలేదు, కొసకు చేరాక మాత్రం సన్నబడి ఉంది. రెండో వైపూ అంతే.

ఖమ్మంలో నా పని లేజర్ కటింగ్‌కు డిజైన్లు గీయడం. ఇంటిపేరు పలకలు, యాక్రిలిక్ అక్షరాలు, పెళ్లి మంటపాలకు జాలీలు. ఒక బడి పిల్లల కోసం ఆ వింటికి చిన్న నమూనాలు కోసి ఇస్తానని ఒప్పుకున్నాను. మూడో వంతు కొలత, 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్. నడుమ 12 మిల్లీమీటర్లు, కొసన 4. ఒక పూట పని అనుకున్నాను.

మన వైపు ఫ్లెక్సీ షాపు నుంచి లేజర్ షాపు దాకా అందరం కోరెల్‌డ్రాలోనే గీస్తాం. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఇలాంటి ఆకారం ఎలా గీస్తారో నాకు తెలుసు, ఒకప్పుడు నేనూ అలాగే గీశాను. పొడవాటి దీర్ఘచతురస్రం గీసి, కంట్రోల్, క్యూ నొక్కి దాన్ని వంపు గీతలుగా మార్చి, ఒక్కో మూలనూ మౌసుతో పట్టుకుని లోపలికి లాగుతారు. తెరమీద కంటికి బాగానే ఉంటుంది. కోసి చేతిలోకి తీసుకుంటే ఒక మూల అర మిల్లీమీటరు ఎక్కువ లోపలికి వెళ్లి ఉంటుంది. ఇంత సన్నని వస్తువులో కంటికి అందని తేడాను చెయ్యి పట్టేస్తుంది.

దీనికి మంచి దారి ఉంది. పర్‌స్పెక్టివ్ పనిముట్టు తీసుకుని, కంట్రోల్, షిఫ్ట్ రెండూ నొక్కిపెట్టి ఒక మూలను కదిపితే ఎదుటి మూల కూడా అంతే దూరం ఎదురుగా జరుగుతుంది. గీత తిన్నగా సన్నబడే ఆకారాలకు, అంటే బల్ల కాళ్లకు, లాంతరు పలకలకు, ఇది చాలు. వింటికి చాలదు. విల్లు పట్టు నుంచి తిన్నగా సన్నబడదు. పట్టు దగ్గర కొంతదూరం వెడల్పు అలాగే నిలిచి, ఆ తర్వాత మెల్లగా దిగి, కొస దగ్గర కాస్త త్వరగా దిగుతుంది.

అందుకే సగమే గీశాను. ఆ సగంలోనూ సగం. నిలువుగా ఒక గైడు గీత, అడ్డంగా ఒకటి. పట్టు నడిమి నుంచి కొసదాకా ఒక్క అంచు, మూడే మూడు నోడ్లు, అంటే వంపును నిలిపే చుక్కలు. ఫ్రెంచి కార్ల కంపెనీ రెనోలో ఇంజనీరు పియెర్ బెజియే 1960లలో కారు పైతొడుగులను లెక్కలో పట్టడానికి వాడి ప్రచారంలోకి తెచ్చిన వంపులే మనం రోజూ గీసేవి. నోడ్ ఎంత తక్కువైతే వంపు అంత శుభ్రం. తర్వాత ఆ అంచును కిందికి అద్దంలో చూపి, రెండింటినీ కలిపి పక్కకు అద్దంలో చూపి, వెల్డ్ చేస్తే విల్లు.

ఇక్కడే అసలు పనితనం ఉంది. అద్దం గీత మీద కూర్చున్న నోడ్ పిడి, అంటే వంపు దిక్కును తిప్పే చిన్న గీత, ఆ అద్దం గీతకు సరిగ్గా లంబంగా ఉండాలి. ఒక్క డిగ్రీ వాలినా రెండు సగాలు కలిసిన చోట చిన్న మొన లేస్తుంది. తెరను పదింతలు పెద్దది చేస్తే తప్ప కనిపించదు. చేత్తో పట్టుకుంటే మాత్రం సరిగ్గా పట్టు మధ్యలో, అరచేతికి గుచ్చుకునే చోట ఉంటుంది. నా సగం అద్దం గీతకు వెంట్రుకవాసి దూరంలో ఆగిపోతే మరో తంటా. వెల్డ్ పడదు, ఒకదాని పక్కన ఒకటి రెండు గీతలు మిగులుతాయి, మిషన్ రెండింటినీ కోస్తుంది, నడుమ చెక్క మాడుతుంది.

లేజర్ తినే చెక్కనూ లెక్కలో వేయాలి. మా మిషన్ ప్లైవుడ్‌లో 0.2 మిల్లీమీటర్లు తింటుంది. పన్నెండు మిల్లీమీటర్ల నడుమకు అది పట్టించుకోనక్కర్లేదు. నాలుగు మిల్లీమీటర్ల కొసకు మాత్రం ఇరవయ్యో వంతు. అంటే గీసినట్టే కోస్తే విల్లు కొసల్లో ఎక్కువ బక్కచిక్కుతుంది. అందుకే గీతకు బయట 0.1 దూరంలో మరో గీత వేసి, దాన్నే మిషన్‌కు ఇచ్చాను. ఆ కిరణం ఆకారం గురించి కూడా ఇక్కడ ఒక మాట చెప్పాలనిపిస్తోంది. కటకం గుండా దిగే ఆ కిరణం నడుమ సన్నబడి రెండు వైపులా విప్పారే డమరుకం. అలాంటి డమరుకంతో, నడుమ లావై రెండు వైపులా సన్నబడే వింటిని కోస్తున్నానన్న ఆలోచన ఆ పూటంతా నన్ను వదల్లేదు.

ప్లైవుడ్ విళ్లు బాగా వచ్చాయి. పిల్లలకు చూపించడానికి అవి చాలు. నా మనసే ఊరుకోలేదు. సగం కొలతకు, నిజమైన వెదురు బద్దను చదును చేసి, అదే ఫైలును పెద్దది చేసి కోశాను. నారి కట్టి లాగితే ఒక రెక్క బాగా ఒంగింది, రెండోది బిగుసుకుని నిలబడింది. గీతలో లోపం లేదు, మళ్లీ మళ్లీ చూశాను. రెండు రెక్కలూ అచ్చంగా ఒకటే.

అప్పుడు తాత పని గుర్తొచ్చింది. ఆయన దగ్గర స్కేలు లేదు, అద్దం గీత లేదు. ఉన్నది గెడ, కత్తి. గెడ మొదట్లో లావు, కొసకు పోయేకొద్దీ సన్నం, లోపలి కండ కూడా పలచబడుతూ పోతుంది. వెదురు ఒకే వైపు సన్నబడే చెట్టు. విల్లు నడుమ నుంచి రెండు వైపులా సన్నబడే వస్తువు. ఆ చెట్టులోంచి ఈ వస్తువును తీయడమే ఆయన విద్య. ముందు ఆయన బద్దను వేలిమీద ఆనించి, కణుపులు పట్టులో పడకుండా, అటూ ఇటూ సమంగా పడేలా పట్టు ఎక్కడో చూసుకుంటాడు. పైపచ్చను ముట్టుకోడు. వెదురు నారంతా చర్మం దగ్గరే చిక్కగా ఉంటుంది, వంగినప్పుడు లాగుడు పడేది ఆ పక్కనే. చివ్వడమంతా లోపలి వైపు. పేళ్లు పొడవుగా, ఒకే మందంలో లేస్తాయి, చుట్టలు చుట్టుకుని ఆయన కాళ్ల దగ్గర పడతాయి. నాలుగు పేళ్లు తీసి బద్దను మోకాలికి ఆనించి రెండు కొసలూ దగ్గరికి తెస్తాడు, వంపును వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తాడు, బిగుసుకున్న చోట గోటితో గుర్తు పెట్టి మళ్లీ కత్తి పడతాడు. నారి కూడా వెదురు బద్దే, పత్తి తాడు కాదు.

వింటి కొసను తెలుగులో వింటికొప్పు అంటాం, నడిమి పట్టును లస్తకం అంటాం. నిఘంటువుల్లో మిగిలిన ఈ మాటలు ఆ గూడెంలో ఎవరూ వాడరు, ఆ పని మాత్రం వాళ్ల చేతుల్లో ఉంది. 2014లో ఏడు మండలాల చుట్టూ సరిహద్దు మారి ఆంధ్రలోకి వెళ్లిన గూడేల్లోనూ, ఇటు తెలంగాణలో మిగిలినవాటిలోనూ విల్లు ఒకటే. 1972 వన్యప్రాణి చట్టం వేటను కట్టడి చేసింది. వేసవిలో భూమి పండుగ వస్తే మాత్రం అటకల మీది విళ్లు కిందికి దిగుతాయి.

నా వెదురు వింటిలో తప్పు ఏమిటో లెక్కవేస్తే తేలింది. బద్ద వంగకుండా నిలబడే శక్తి వెడల్పుతో పాటు అదే నిష్పత్తిలో పెరుగుతుంది, మందం విషయంలో మాత్రం దాని ఘనానికి తగినట్టు పెరుగుతుంది. మందం పదో వంతు తగ్గితే శక్తి నాలుగో వంతుకు పైగా పోతుంది. నా లేజర్ అంచును కోస్తుంది, మందాన్ని చివ్వలేదు. నేను రెండు రెక్కల వెడల్పునే సమం చేశాను. తాత రెండు రెక్కల వంపును సమం చేస్తాడు. అద్దం కమాండ్ ఇచ్చే సమానం వేరు, మోకాలి మీద దొరికే సమానం వేరు. మొదటిది నాకు ఒక్క మీటతో వస్తుంది కాబట్టి దాన్ని చాలా ఏళ్లు పనితనమని అనుకున్నాను.

ఇప్పుడు నా ఫైలులో రెండు సగాలు విడివిడిగా ఉన్నాయి. ముందు బద్ద మందాన్ని వెర్నియర్‌తో ఏడు చోట్ల కొలుస్తాను. పలచబడిన వైపు రెక్కకు ఆ లెక్క ప్రకారం వెడల్పు పెంచుతాను. తెరమీద చూస్తే వంకరగా, ఎవరో తొందరలో గీసినట్టు ఉంటుంది. కోసి నారి కడితే రెండు రెక్కలూ దాదాపు కలిసి ఒంగుతాయి.

అలాంటి విల్లు ఒకటి పట్టుకుని పోయిన నెల మళ్లీ చర్ల దారిలో వెళ్లాను. తాత తీసుకుని మాడిన అంచును వాసన చూశాడు, మోకాలికి ఆనించి వంచాడు, వెలుతురుకు ఎదురు పెట్టాడు. కింది రెక్కలో ఒకచోట గోరు గుచ్చాడు. కత్తి తీసి అక్కడ లోపలి వైపు రెండే రెండు పేళ్లు లేపి, నా చేతికి ఇచ్చాడు.