కొలిచేవాడి కుంచం

కూలి గింజలు కొలిచే చోట మన పెద్దలు ముందు గింజల్ని కాదు, కుంచాన్ని చూసేవాళ్ళు. అడుగు పైకెత్తిన కుంచంతో ఎంత నిండా కొలిచినా కూలి తగ్గిపోతుంది. సమాజశాస్త్ర పత్రికల 'ప్రభావా'న్ని కొలిచే పద్ధతిని మేము ఆ చూపుతోనే చూడదల్చుకున్నాం.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్క కష్టమేం కాదు. ఒక పత్రిక గత రెండేళ్ళలో అచ్చేసిన వ్యాసాలను సూచీలోకెక్కిన పత్రికలు ఈ ఏడాది ఎన్నిసార్లు ఉటంకించాయో లెక్కగట్టి, ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. యూజీన్ గార్ఫీల్డ్ సంస్థ 1975 నుంచి ఈ లెక్కల్ని ప్రకటించింది. పత్రికల్ని ఎంచుకోవడానికి పుట్టిన ఈ సాధనం మనుషుల్ని కొలిచే బద్దగా మారింది. 2010లో యూజీసీ అధ్యాపకుల ప్రమోషన్ పాయింట్లలో దీనికి అదనపు మార్కులిచ్చింది.

ఇప్పుడు ఈ కుంచంలో రెండు రచనలు పోసి చూద్దాం.

1957లో లూయీ డ్యూమా, డేవిడ్ పోకాక్ 'కాంట్రిబ్యూషన్స్ టు ఇండియన్ సోషియాలజీ' ప్రారంభించారు. భారత సమాజశాస్త్రం ఇండాలజీతో, అంటే ప్రాచీన గ్రంథాల చదువుతో, కలిసే చోట నిలబడాలన్నారు. 1959లో అదే పత్రికలో ఎఫ్.జి. బెయిలీ దాన్ని ఖండించాడు. ఆనాడే ఈ కొలత ఉంటే ఆ ఖండన కూడా పత్రిక ప్రభావం కిందే జమయ్యేది. ఒప్పుకున్నా ఒకటే, తిప్పికొట్టినా ఒకటే! పైగా రెండేళ్ళ గడువులో సరిగ్గా సరిపోయేది.

మరి అంబేద్కర్? 1916లో కొలంబియాలో చదివిన 'భారతదేశంలో కులాలు' 1917లో 'ఇండియన్ ఆంటిక్వెరీ'లో అచ్చయింది. ఈ లెక్కన 1918, 1919లలో వచ్చిన ప్రస్తావనలకే విలువ. 1979లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆయన రచనల మొదటి సంపుటంలో దాన్ని మళ్ళీ అచ్చేసింది. ఆ తర్వాత తరాలు చదివిన చదువంతా ఆ పత్రిక ఖాతాలో సున్నా. 1936లో సొంతంగా అచ్చేయించుకున్న 'కుల నిర్మూలన'కైతే అసలు ఖాతానే లేదు. ఏ పుస్తకం వాడల్లో చేతులు మారిందో అది లెక్కకు అందలేదు. అందని దానికి ప్రభావం లేదందామా?

సిద్ధాంతం బ్రాహ్మణులది, సమాచార సేకరణ శూద్రులది అన్న పని విభజనను గోపాల్ గురు 2002లోనే ఎత్తిచూపారు. ఉటంకింపుల లెక్క ఆ విభజనను సరిచెయ్యదు, అంకెల్లో అచ్చేస్తుంది. ఎవరు ఎవర్ని చదివారో చెప్తుంది గానీ, ఎవర్ని చదవకుండా వదిలేశారో చెప్పదు.

మేము కొలతే వద్దనడం లేదు. మొదటి తరం పరిశోధకులకు సిఫారసు కంటే రాతపూర్వక నిబంధనే నయం. చెప్పేవాళ్ళు లేనివాడికి కాగితమే దిక్కు. అయితే 2025లో యూజీసీ కేర్ జాబితాను ఎత్తేసి, పత్రికల ఎంపికను విశ్వవిద్యాలయాలకు వదిలింది. జాబితా పోయిన చోట పెత్తనం మిగిలితే మనకు ఒరిగేదేముంది?

కాబట్టి ఎంపిక కమిటీలు వ్యాసం చదవాలి, చదివి కారణం రాయాలి. తెలుగులో రాసినదాన్ని తెలుగు చదివేవాళ్ళే అంచనా కట్టాలి. పాఠంలో, నిజనిర్ధారణ నివేదికలో, ఉద్యమ కరపత్రంలో ఒక రచన చేసిన పనిని కూడా ప్రభావంగా గుర్తించాలి. గింజలు మనవే. ఇక కుంచం అడుగు కూడా మనమే తడిమి చూడాలి.