మూడు వారాల జబ్బు, ముప్పై ఏళ్ల జబ్బు

ఎలుక గుండెను తూచడం మా పనిలో భాగం. పల్మనరీ హైపర్‌టెన్షన్‌కు, అంటే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పెరిగే బీపీకి, కొత్త మందు తయారు చేస్తే మామూలుగా ముందు ఈ తూకమే. ఈ బీపీ చేతికి పట్టీ చుట్టి చూస్తే దొరకదు. నాళాలు ఇరుకైపోతాయి. వాటిలోకి రక్తాన్ని తోసీ తోసీ గుండె కుడి జఠరిక గోడ మందమై, చివరికి చేతులెత్తేస్తుంది.

జనుము జాతి మొక్క ఒకదాని గింజల్లో మోనోక్రోటలిన్ అనే విషం ఉంటుంది. కిలో బరువుకు 60 మిల్లీగ్రాముల చొప్పున ఒక్క సూది వేస్తే మూడు నాలుగు వారాల్లో ఎలుకకు ఈ జబ్బు వస్తుంది. కొన్నిటికి మందు ఇస్తాం, కొన్నిటికి ఉత్త ద్రావణం. ఆఖర్న మత్తిచ్చి, మెడ సిరలోంచి సన్నటి గొట్టం పంపి కుడి జఠరికలో పీడనం చూస్తాం. తర్వాత గుండె తీసి, కుడి గోడను కత్తిరించి, అద్దుడు కాగితం మీద తడి ఒత్తి విడిగా తూస్తాం. ఎడమ జఠరికనూ నడిమి గోడనూ కలిపి తూస్తాం. నడిమి గోడ అంచున కత్తెర కాస్త జరిగినా ఈ రెండు తూకాల నిష్పత్తి మారిపోతుంది. ఏ ఎలుకకు మందు పడిందో కత్తెర పట్టిన మనిషికి తెలియకూడదని నేను పట్టుబట్టేది అందుకే. విషం వేసిన రోజే మందు మొదలుపెట్టి నయం చేశామని చెప్పుకోవడాన్నీ ఒప్పుకోను. రోగి జబ్బు ముదిరాకే కదా వస్తాడు!

సిల్డెనాఫిల్ అనే మందు ఎలుకల్లోనూ మనుషుల్లోనూ పనిచేసి, 2005లో అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి పొందింది. కొలెస్ట్రాల్ మందు సిమ్వాస్టాటిన్ ఎలుకల్లో బాగా పనిచేసింది. రోగుల మీద చూసిన ఫలితాలు 2011లో వచ్చాయి, మేలేమీ కనబడలేదు.

ఎలుకకూ మనిషికీ ఉన్న ఈ తేడా నాకు ఇంటి సంగతి కూడా. నేను భివండి పద్మనగర్‌లో పద్మశాలి ఇంట పుట్టాను. మా బాపు, కాకలు అందరూ సాంచాల మీదే, అంటే మరమగ్గాల మీదే బతికారు. షెడ్డులో ట్యూబ్‌లైట్ల మీద, కనురెప్పల మీద కూడా దూది నుసి ఉండేది. ఏళ్ల తరబడి అలా పీల్చి ఊపిరితిత్తులు పాడైతే వచ్చే పీడనం వేరు. డాక్టర్లు దాన్ని మూడో గ్రూపు అంటారు. నాళాలే ఇరుకైపోయే మొదటి గ్రూపు రోగులకు మేలు చేసిన రియోసిగువాట్ అనే మందును, ఊపిరితిత్తులు గట్టిపడిన మూడో గ్రూపు రోగుల్లో పరీక్షిస్తే, మరణాలు ఎక్కువై 2016లో మధ్యలోనే ఆపేశారు.

అందుకే ఒక్క సూదితో జబ్బు తెప్పించిన ఎలుక మా కాకలకు సాక్ష్యం కాదంటాను. నెలల తరబడి నుసి పీల్చిన జంతువుల్లో పరీక్షించాలి. ఖర్చూ ఆలస్యమూ తప్పవు, అయినా చేయాలి. ఈలోగా మెట్లెక్కితే ఆయాసం, కాళ్ల వాపు ఉన్న సాంచాల మనిషిని ఇన్‌హేలర్ ఇచ్చి పంపేయకుండా గుండెకు ఎకో తీయించాలి. కుడి గుండె మీద ఎంత భారం పడుతోందో అందులో అంచనా దొరుకుతుంది.