టికెట్ లేనంత మాత్రాన వేదిక మనదవుతుందా?

చెన్నై బీసెంట్ నగర్‌ని ఆనుకుని సముద్రపు ఒడ్డున ఒక జాలరిపేట ఉంది. 2015లో అక్కడే ఊరూర్ ఆల్కాట్ కుప్పం విళా మొదలైంది. గాయకుడు టి.ఎం. కృష్ణ, పర్యావరణ కార్యకర్త నిత్యానంద్ జయరామన్, పేటవాళ్లు కలిసి జరిపిన ఉత్సవమిది. టికెట్ లేదు. కర్ణాటక కచేరీ, భరతనాట్యం, కట్టైక్కూత్తు, పరై ఆట ఒకే వేదికనెక్కాయి. తర్వాత చెన్నై కలై తెరు విళాగా పేరు మార్చుకుని నగరంలో వేరే చోట్లకీ వెళ్లింది.

ఈ ప్రయత్నాన్ని మేం తేలిగ్గా తీసెయ్యం. మార్గళి మాసమంతా చెన్నై సభల్లో పాడే కృతుల్లో చాలా భాగం తెలుగువే. త్యాగరాజు రాసింది మన భాషలోనే. అయినా మాల మాదిగ పేటల్లో పుట్టిన మాకు ఆ సంగీతం గడప బయటే ఆగిపోయింది. అలాంటి సంగీతం గడప దిగొచ్చి జాలర్ల మధ్య ఇసుక మీద కూచోవడం మంచిదే.

అయితే ఎవరు పిలుస్తున్నారు, ఎవరు వస్తున్నారు అని అడగాలి గదా. కచేరీ కుప్పానికొస్తే పెద్దమనసంటారు. మరి పరై సంగతేంటి? పరై మన డప్పుకి తోబుట్టువు. చావుకి కొట్టమని కులం అంటగట్టిన వెట్టి అది. ఆ అవమానం వద్దని దాన్ని అవతల పారేసినవాళ్లున్నారు, ఆత్మగౌరవ జెండాగా ఎత్తుకున్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరిదీ న్యాయమే. ఒక సాయంత్రం చప్పట్లు కొట్టి, మర్నాడు మళ్లీ చావుకే కబురంపితే ఆ చప్పట్లు దేనికి?

మృదంగం కథా ఇంతే. ఆవు, గేదె, మేక తోళ్లతో దాన్ని తయారుచేసే చేతుల్లో దళిత క్రైస్తవులవే ఎక్కువ. ఈ సంగతే కృష్ణ ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ పుస్తకంగా రాశాడు. 2020లో దాని ఆవిష్కరణకి హాలిస్తామన్న కళాక్షేత్ర, చివర్లో మాట వెనక్కి తీసుకుంది. కుప్పంలో పాడితే ఓర్చుకుంటారు, తోలు వెనకున్న చేతుల గురించి చెబితే తలుపేస్తారు.

అందుకే పా. రంజిత్ స్థాపించిన నీలం సాంస్కృతిక కేంద్రం 2020 డిసెంబర్‌లో మొదలుపెట్టిన ‘మార్గళియిల్ మక్కళిసై’ని దీని పక్కన పెట్టి చూడాలి. సభలవాళ్ల మార్గళిలోనే గానా, ఒప్పారి, పరై మోగాయి. అక్కడ దళితులు అతిథులు కారు, ఆతిథేయులు. కుప్పం ఉత్సవం గడప దాటింది, ఇది సొంత ఇల్లు కట్టింది. మనకి రెండోదే ముఖ్యం.

రేపు విశాఖలోనో మచిలీపట్నంలోనో ఇలాంటి ఉత్సవం పెడతామని ఎవరైనా వస్తే సంతోషిద్దాం. సంతోషిస్తూనే అడుగుదాం. కమిటీలో ఎవరున్నారు? వల ఆరేసుకునే జాగా మిగులుతుందా? డప్పు కళాకారుడికీ శాస్త్రీయ గాయకుడికీ ఇచ్చే డబ్బు సమానమేనా? వినేవాళ్లకి ఉచితమంటే సరే. వాయించేవాళ్ల శ్రమ కూడా ఉచితమైతే అది పాత వెట్టే.