అభిమానమునకు కొలబద్ద

సినిమా చూచుటే పాపమని ప్రసంగించి ఊరకుండుట మనకు సులువు. ఎంతటి అభిమానము ఆరోగ్యము, ఎంతటిది రోగము అని కొలిచిచూడ పూనుకొన్నవారును కలరు. మెకచన్, లాంగే, హౌరన్ అను పరిశోధకులు 2002లో ప్రకటించిన కొలబద్ద అట్టిది. దానిలో మూడు మెట్లున్నవి. తారను గూర్చి స్నేహితులతో ముచ్చటించి సంతోషించుట మొదటిది. తనకును ఆ తారకును ప్రత్యేక బంధమున్నదని తలపోయుచుండుట రెండవది. ఆయన అడిగినయెడల చట్టవిరుద్ధమైన పనికైనను సిద్ధపడుట మూడవది. అభిమానులనందరిని ఒకే గాటను కట్టకపోవుట ఇందులోని మంచి. మన ప్రసంగములలో అంత ఓపిక కానరాదు.

అయినను మన ప్రాంతమున ఈ కొలబద్ద చాలదని నా తలంపు. స్నేహితుల ముచ్చట దానిలో అన్నిటికంటె తేలికైన మెట్టు. మన యొద్దనో, గుంపులోనే ప్రాణములు పోయినవి. 2016 ఆగస్టులో తిరుపతి యువకుడొకడు కోలారులో అవయవదాన కార్యక్రమమునకు వెళ్లి, హీరోలను గూర్చిన వాదము ముదిరి, కత్తిపోటుకు బలియయ్యెను. 2020 సెప్టెంబరు 1న, పవన్ కల్యాణ్ జన్మదినమునకు ముందటి రాత్రి, చిత్తూరు జిల్లా శాంతిపురము మండలములో ఫ్లెక్సీ నిలబెట్టుచు ముగ్గురు యువకులు విద్యుదాఘాతమున మరణించిరి. వీరిని ఒక్కొక్కరిగా కూర్చుండబెట్టి ఆ ప్రశ్నలడిగియుండిన, మూడవ మెట్టున ఎవడైనను తేలియుండునా? నాకు సందేహమే. ప్రక్కవాడు కఱ్ఱ పట్టగా తానును పట్టువాని మనస్సును కొలుచు ప్రశ్న అందులో లేదు.

కొరింథులో కొందరు పౌలు పక్షమనియు కొందరు అపొల్లో పక్షమనియు చీలినప్పుడు, ఎవడు ఎవరిని ఎంతగా ప్రేమించుచున్నాడని అపొస్తలుడు విచారింపలేదు. వారి మధ్యనున్న అసూయను, కలహమును చూపెను (1 కొరింథీ. 3:3, 4). గుంపును కొలుచుటకు అది తగిన కొలత.

ఇది చదివి సినిమావారిని మాత్రమే తలంచుకొనవద్దు. మన ఉజ్జీవ సభల ఫ్లెక్సీలమీద దైవజనుని ముఖమెంత, యేసు నామమెంత? లుస్త్రలో జనులు తమకు బలి యర్పింపబోగా బర్నబాయు పౌలును వస్త్రములు చింపుకొనిరి (అపొ. కా. 14:14). మనలోనో, ఫోటో చిన్నదైనదని కినుక వహించినవారు కలరు!

డిసెంబరు రాగానే మన యౌవనస్థులు నక్షత్రము కట్టుటకు గుడి పైకప్పు ఎక్కుదురు. కరెంటు తీగ ఎంత దూరమున నున్నదో చూచుటకు సంఘపెద్ద ఒకడైనను క్రింద నిలుచుచున్నాడా?