ఆడినవాళ్ళ పేర్లు

అమెరికాలో చిన్న ఊళ్ళ పత్రికాఫీసులకు వారంలో అసలైన రాత్రి శుక్రవారం. ఏడింటికి మొదలైన హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు తొమ్మిదిన్నర నుంచి ఒక్కొక్కటే ముగుస్తాయి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఫోన్లు మొదలవుతాయి. అవతల కోచో, సైడ్‌లైన్‌లో అట్ట పట్టుకుని లెక్కలు రాసిన కుర్రాడో ఉంటాడు. ఇవతల రిసీవర్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని టైపు చేసుకునే స్పోర్ట్స్ డెస్క్ మనిషి. ఎవరు స్కోరు చేశారు? ఎన్ని గజాల పరుగు? తరవాతి కిక్ ఎవరిది, పడిందా? ఆ పిల్లాడి పేరు ఒక్కో అక్షరం మళ్ళీ చెప్పండి. ఇంకాసేపట్లో పేజీ ప్రెస్సుకి వెళ్ళిపోవాలి. తెల్లారేసరికి అవన్నీ చీమలబారు లాంటి సన్నటి అక్షరాల్లో, ఆట పేజీ అడుగున అచ్చయి ఉంటాయి. ఏ క్వార్టర్‌లో ఎన్ని పాయింట్లో ఒక వరస. దాని కింద ప్రతి స్కోరుకీ ఒక పేరు, ఒక దూరం.

ఈశాన్య ఒహాయోకి వచ్చి స్థిరపడ్డాక ఈ ఆట మీద నాకు ఇష్టం కలిగింది ముందు గ్రంథాలయంలో, తరవాతే మైదానంలో. పాత పత్రికల మైక్రోఫిల్మ్ తిప్పుతూ కూర్చుంటే ఊరి కబుర్ల మధ్య ఆ సన్నటి అక్షరాలు ఎదురయ్యేవి. ఫలానావారింటికి ఫలానా ఊరి నుంచి చుట్టాలొచ్చారు, చర్చిలో విందు, ఎవరికో పెళ్ళి, ఎవరో కాలం చేశారు. వాటి పక్కనే శుక్రవారం ఆట. జిల్లా వార్తల డెస్క్‌లో పనిచేసి వచ్చినవాణ్ణి కాబట్టి నా కళ్ళు ఆటకన్నా ముందు ఆ పేర్ల మీద నిలిచేవి.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. ఇది మనం ఫుట్‌బాల్ అనే ఆట కాదు. జట్టుకి పదకొండుమంది, వంద గజాల మైదానం. కోలగా ఉండే బంతిని నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు తీసుకెళ్ళాలి, లేకపోతే బంతి అవతలివాళ్ళది. బంతి మోసేవాడు ఒక్కడే. వాడికి దారి చెయ్యడానికి ఎదుటివాణ్ణి ఒంటితో ఆపేవాళ్ళు ఐదారుగురు. జనం కేకలన్నీ మోసేవాడికే దక్కుతాయి. ఆపినవాడి పేరు ఎవరైనా పనిగట్టుకుని రాస్తేనే మిగులుతుంది.

ఇలా రాసి ఉంచడం వల్ల ఒక ఊరికి ఏం దక్కుతుందో చూడాలంటే మాసిలన్ మంచి ఉదాహరణ. టస్కరావస్ నది ఒడ్డున 32 వేల జనాభా ఉన్న ఊరు. తూర్పున పది పదిహేను కిలోమీటర్లలోపే కాంటన్. ఈ రెండూళ్ళ హైస్కూల్ జట్లు మొదటిసారి తలపడింది 1894లో. మాసిలన్ జట్టు టైగర్స్, కాంటన్‌లోని మెకిన్లీ స్కూల్ జట్టు బుల్‌డాగ్స్. మాసిలన్‌లో మగబిడ్డ పుడితే ఆస్పత్రిలోనే వాడి ఉయ్యాల్లో చిన్న ఫుట్‌బాల్ పెట్టడం జట్టు అభిమానుల సంఘం చాలాకాలం పాటించిన ఆనవాయితీ. 1939లో, ఆర్థికమాంద్యం నాటి ఉపాధి పథకం కింద కట్టిన స్టేడియంలో ఇవాళ 16 వేల పైచిలుకు సీట్లున్నాయి. అంటే ఊళ్ళో సగంమంది ఒకేసారి కూర్చోవచ్చు.

ఆ స్టేడియానికి ఇప్పుడు పాల్ బ్రౌన్ పేరుంది. ఆయన మాసిలన్ హైస్కూల్లోనే చదివి, టైగర్స్ జట్టుకే ఆడి, 1932 నుంచి 1940 దాకా కోచ్‌గా ఉన్నాడు. ఆ తొమ్మిదేళ్ళలో 80 గెలుపులు, 8 ఓటములు, 2 సమానాలు. ఊరికి అవి తేలికైన రోజులు కావు. 1937 వేసవిలో రిపబ్లిక్ స్టీల్ కార్మికుల సమ్మె మీద మాసిలన్‌లో కాల్పులు జరిగి మనుషులు పోయారు. ఆ వేసవి దాటగానే సెప్టెంబర్ వచ్చింది, ఆట మొదలైంది.

ఆ రోజుల్లోనే కాంటన్ మెకిన్లీలో మారియన్ మాట్లీ అనే నల్లజాతి కుర్రాడు ఆడేవాడు. జార్జియాలో పుట్టి చిన్నప్పుడే ఇంట్లోవాళ్ళతో కాంటన్ వచ్చినవాడు. అతను ఆడిన మూడేళ్ళలో మెకిన్లీ ఓడింది మూడే మ్యాచ్‌లు. ఆ మూడూ పాల్ బ్రౌన్ మాసిలన్ చేతిలోనే. 1946లో బ్రౌన్ క్లీవ్‌లాండ్‌లో కొత్త ప్రొఫెషనల్ జట్టు కూర్చేటప్పటికి, ఆ రంగంలో పన్నెండేళ్ళుగా నల్లవాళ్ళకి చోటు లేదు. బ్రౌన్ బిల్ విల్లిస్ అనే మరో నల్లజాతి ఆటగాణ్ణీ, మారియన్ మాట్లీనీ జట్టులోకి తీసుకున్నాడు. బేస్‌బాల్ మేజర్ లీగ్‌లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ అడుగుపెట్టడానికి ముందటి ఏడాదే. ఒకప్పుడు తన జట్టుకి ఎదురుగా మూడేళ్ళు నిలబడ్డ పక్క ఊరి కుర్రాడు ఎంత బలమైనవాడో ఆ కోచ్‌కి బాగా తెలుసు. 1968లో మాట్లీ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఆ హాల్ ఉన్నది కాంటన్‌లోనే.

కుర్రాడు ఎదిగాక అతని గురించి రాయడానికి దేశమంతా వస్తుంది. పదహారేళ్ళప్పుడు అతని ఆట చూసి లెక్క రాసినవాడు మాత్రం ఊరి విలేకరి ఒక్కడే. ఎవరు గొప్పవాడవుతాడో ఆ రాత్రి ఆ విలేకరికి తెలియదు. అందుకే అందరి పేర్లూ రాయాలి. ఈ పనిలోని ధర్మం అంతా అందులోనే ఉంది.

ఆ రాతలకి బలమూ ఎక్కువే. 1972కి ముందు ఒహాయో హైస్కూల్ ఫుట్‌బాల్‌లో ప్లేఆఫ్‌లు లేవు. రాష్ట్ర విజేత ఎవరో పత్రికలవాళ్ళ ఓట్లతో తేలేది. రాష్ట్రం ఆ చివరున్నవాడు ఈ చివరి జట్టు ఆట చూసి ఉండడు. ఊరి పత్రిక రాసినదాన్ని నమ్మే ఓటు వేసేవాడు. మాసిలన్ ఆ కాలంలో గెలుచుకున్న టైటిళ్ళు ఇరవై పైనే. ప్లేఆఫ్‌లు వచ్చాక, మైదానంలోనే తేల్చుకోవాల్సి వచ్చాక, మొదటి టైటిల్ దక్కడానికి 2023 దాకా ఆగాల్సి వచ్చింది. అది కూడా కాంటన్ గడ్డ మీద, హోబన్ స్కూల్ మీద 7-2 స్కోరుతో. యాభై ఏళ్ళు ఎదురుచూసిన గెలుపు ఒకే ఒక్క టచ్‌డౌన్‌తో, అంటే బంతిని అవతలి చివరి గీత ఒక్కసారి దాటించడంతో, వచ్చింది.

బలం ఉన్నచోట జాగ్రత్త కూడా ఉండాలి. 1906లో ఈ రెండూళ్ళ ప్రొఫెషనల్ జట్ల మధ్య మ్యాచ్ అయ్యాక, కాంటన్ కోచ్ పందెం డబ్బు కోసం ఆట అమ్ముకున్నాడని మాసిలన్ పత్రిక రాసింది. ఆయన పరువునష్టం దావా వేశాడు. ఆ ఆరోపణలో నిజమెంతో చరిత్రకారులు ఈనాటికీ వాదించుకుంటున్నారు. సొంత ఊరి జట్టు మీద ప్రేమ ఉండాలి, ఆ ప్రేమ లేనివాడు చలిలో, వానలో అక్కడ నిలబడలేడు. కానీ అంకె దగ్గరికి, పేరు దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రేమని పక్కన పెట్టగలగాలి.

ఇప్పుడు ఆ పని చేసేవాళ్ళు తగ్గిపోతున్నారు. 2005 తరవాత అమెరికా తన పత్రికల్లో మూడో వంతుకు పైగా పోగొట్టుకుంది. మాకు తూర్పున ఉన్న యంగ్స్‌టౌన్‌లో 150 ఏళ్ళు నడిచిన విండికేటర్ 2019 ఆగస్టులో మూతపడింది. పక్క ఊరి పత్రిక ఆ పేరు కొనుక్కుని ఒక ఎడిషన్ వేస్తోంది. 2023 ఆగస్టులో కొలంబస్ డిస్పాచ్ పత్రిక హైస్కూల్ ఆటల వార్తలు కృత్రిమ మేధతో రాయించింది. ఒక వార్తలో జట్టు మస్కట్ పేరు ఉండాల్సిన చోట, ఇక్కడ మస్కట్ పేరు పెట్టాలి అనే గుర్తు అలాగే బయటికొచ్చింది. ఊళ్ళ పేర్లు ఉన్నాయి, స్కోరు ఉంది. ఆడిన పిల్లల్లో ఒక్కరి పేరూ లేదు. విమర్శలు వచ్చాక ఆ ప్రయోగం ఆపేశారు. స్కోరు ఈ రోజుల్లో ఫోన్‌లో క్షణంలో తెలుస్తుంది. దానికి పత్రిక అక్కర్లేదు. ఎదుటివాణ్ణి ఆపి దారి చేసిన కుర్రాడి పేరు తెలియాలంటే మాత్రం మనిషి వెళ్ళి చూడాలి.

ఈ మధ్య ఒహాయో స్కూళ్ళ జట్ల జాబితాల్లో, బ్యాండ్ మేళాల్లో మన పిల్లల పేర్లు కూడా కనిపిస్తున్నాయి. మైకులో పేర్లు చదివే ఆయన ఒకరు ఆట మొదలవకముందే ఒక తెలుగు తండ్రి దగ్గరికొచ్చి, వాళ్ళబ్బాయి ఇంటిపేరు ఎలా పలకాలో అడిగి, ముక్కలుగా విడగొట్టి కాగితం మీద రాసుకోవడం చూశాను. రెండుసార్లు పైకి పలికి సరిచూసుకున్నాడు కూడా. ఆ తండ్రికి ఫుట్‌బాల్ అర్థం కాదు. అయినా ఆ రాత్రి ఆయన చివరిదాకా కదల్లేదు.

ఇక మన సంగతి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక తెలుగు పల్లె పత్రికలోకి వచ్చింది. మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. మండలానికో విలేకరి, రాసినదాన్ని కొలిచి డబ్బులిచ్చే లైన్ అకౌంట్ మనుషులు. వాళ్ళ కష్టం దగ్గరుండి చూశాను కాబట్టి ఈ మాట చనువుగా అంటున్నాను. మన మండల స్థాయి కబడ్డీ పోటీల వార్త ఒకటి తీసి చదవండి. ప్రారంభించిన ఎమ్మెల్యే పేరుంటుంది. సర్పంచ్, ఎంఈవో, ప్రధానోపాధ్యాయులు, పీఈటీలు, కప్పులు బహూకరించిన దాత, వేదిక మీద కూర్చున్న ప్రతి ఒక్కరి పేరూ ఉంటుంది. చివరి వాక్యంలో ఫలానా జడ్పీ హైస్కూల్ జట్టు విజేతగా నిలిచిందని ఉంటుంది. కూత పెట్టినవాడెవడు? పట్టు పట్టినవాడెవడు? ఆ వార్తలో లేడు. ఇరవై ఏళ్ళ తరవాత ఆ పిల్లల్లో ఒకడు తన కూతురికి చూపించుకోవడానికి ఆ కాగితం ముక్కలో ఏమీ ఉండదు. ఆ ఊరి ఆటల చరిత్ర రాయాలని ఎవరైనా పూనుకుంటే వాళ్ళకి దొరికేది అతిథుల జాబితా.

కబడ్డీ జట్టుకి పన్నెండుమంది. పన్నెండు పేర్లు మూడు నాలుగు లైన్లకి మించవు. పీఈటీ మాస్టార్లకి నా విన్నపం: జట్టు జాబితా రెండు ప్రతులు రాయండి, ఇంటిపేర్లతో, తరగతులతో సహా. ఒకటి విలేకరికి ఇవ్వండి, ఒకటి స్కూల్ రిజిస్టర్‌లో అంటించండి. విలేకరి మిత్రులకి: ఫైనల్ అయ్యేదాకా ఉండండి, ఎవరు ఎన్ని పాయింట్లు తెచ్చారో రాసుకోండి, ఓడిన జట్టు పేర్లు కూడా అడగండి. డెస్క్‌లో ఉన్నవాళ్ళకి: చోటు చాలకపోతే వేదిక దగ్గర కత్తిరించండి. ఎమ్మెల్యేగారి పేరు రేపు మరో వార్తలో ఎలాగూ వస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లాడికి అచ్చులో పేరు చూసుకునే అవకాశం బహుశా ఇదొక్కటే.