సామర్లకోట తోటలో పేరు పెట్టిన చెట్లు

మొక్కకు రెండే మాటల పేరు చాలునని స్వీడన్ పండితుడు లిన్నేయస్ 1753లో తేల్చాడు. మొదటి మాట ప్రజాతిది, రెండోది జాతిది. అంతకుముందు ఒక్కో మొక్క పేరూ లాటిన్‌లో పెద్ద వాక్యమంత ఉండేది. ఆ కొత్త పద్ధతిని తెలుగు తీరానికి మోసుకొచ్చిన తొలివాళ్లలో ఆయన శిష్యుడు యోహాన్ కోనిగ్ ఒకడు. 1768లో తరంగంబాడిలో దిగి, దక్షిణాది అంతా మొక్కల కోసం తిరిగి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు.

చివరి రోజుల్లో కోనిగ్‌కు వైద్యం చేసినవాడు విలియం రాక్స్‌బరో. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. 1781 నుంచి 1793 దాకా అక్కడే ఉండి, మిరియం, కాఫీ, దాల్చిన లాంటివి పెంచే ప్రయోగాల తోట వేశాడు. ఎండబెట్టిన కొమ్మను కాగితానికి అతికించి చూస్తే రంగు పోతుంది, పూరేకు ముడుచుకుపోతుంది. అందుకని దొరికిన మొక్కను తోటలో నాటించి, పూత నుంచి కాయ దాకా కళ్లారా చూసి రాసేవాడు. స్థానిక చిత్రకారులను జీతానికి పెట్టుకుని బొమ్మలు వేయించాడు. వాటి నుంచి ఏరిన మూడు వందల బొమ్మలతో ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ మూడు సంపుటాలుగా లండన్‌లో వచ్చింది. మొదటి సంపుటం 1795 నాటిది. ఆ బొమ్మలు వేసిన చేతుల పేర్లు మాత్రం పుస్తకంలోకి ఎక్కలేదు.

ఆయన పద్ధతి తెలియాలంటే సోమిద చెట్టును చూడాలి. సర్కారు జిల్లాల కొండల్లో పెరిగే ఈ పెద్ద చెట్టు బెరడు కటిక చేదు, జ్వరాలకు వాడేవారు. లిన్నేయస్ లెక్క ప్రకారం ముందు పువ్వు విప్పి కేసరాలు లెక్కపెట్టాలి, తర్వాత కీలాలు చూడాలి. సోమిద పువ్వులో కేసరాలు పది, అన్నీ కలిసి చిన్న గొట్టంలా అతుక్కుని ఉంటాయి. అమెరికా మహాగనికీ అంతే. కాబట్టి రాక్స్‌బరో దీన్ని మహాగని ప్రజాతిలో చేర్చి, జ్వరం పోగొట్టేదన్న అర్థంలో స్వైటీనియా ఫెబ్రిఫ్యూగా అన్నాడు. జ్వరానికి మందైన సింకోనా బెరడుకు బదులు ఇది పనికొస్తుందన్న ఆశతో 1793లో చిన్న పుస్తకమే వేశాడు.

కానీ కాయ పగలగొడితే తేడా బయటపడుతుంది. మహాగని గింజకు ఒక కొసనే రెక్క, సోమిద గింజకు రెండు కొసలా రెక్కలే. ఒక్క కేసరాల లెక్కతో చుట్టరికం తేలదని తర్వాతి తరం గ్రహించింది. 1830లో ఫ్రెంచి పండితుడు అడ్రియన్ ద జుస్సియూ సోమిదను విడదీసి కొత్త ప్రజాతి చేశాడు. దానికి పెట్టిన పేరు సోయిమిడా, మన కొండ కింది మాటే.

రాక్స్‌బరో తన వర్ణనల్లో తెలుగు పేర్లనూ రాసుకోవడం వల్లే అది సాధ్యమైంది. ఊరివాళ్లు పిలిచే పేరు తెలిస్తే చెట్టు జాడ, వాడకం కూడా తెలుస్తాయి. 1859లో వాల్టర్ ఎలియట్ మద్రాసులో అచ్చువేయించిన ‘ఫ్లోరా ఆంధ్రికా’ ఉత్తర సర్కారుల మొక్కల తెలుగు పేర్లకూ శాస్త్రీయ నామాలకూ జాబితా.

నిజానికి ఊరివాళ్లు పెట్టిన పేర్లలోనూ వర్గీకరణ ఉంది. అసలు పేరు ఒకటి, దాని ముందు రంగో, చోటో తెలిపే మాట ఇంకొకటి. కోరంగి మడ అడవుల్లో తెల్లమడ, నల్లమడ రెండూ శాస్త్రంలోనూ అవిసీనియాలే. గట్టున మొలిచే నేల ఉసిరి రెమ్మ తిప్పి చూడండి: రెండు వరసల సన్నాకులు, వాటి కింద బుడిపెల్లా పచ్చికాయలు. జానెడు మొక్కే అయినా పెద్ద ఉసిరితో కలిపి దాన్ని ఫిల్లాంథస్ ప్రజాతిలోనే పెట్టారు. వేప, తురకవేపలను లిన్నేయస్ కూడా ఒకే ప్రజాతి అనుకున్నాడు, వాటిని విడదీసింది జుస్సియూయే. అయితే చేదు ఒక్కటే చూసి పేరు పెడితే తప్పుదోవ పట్టొచ్చు. నేలవేముకూ వేపకూ చుట్టరికమే లేదు. ఎక్కడి నుంచో వచ్చిన సర్కారు తుమ్మ కూడా ముళ్లు చూసి తుమ్మల్లో చేరిపోయింది.

తుమ్మల కథ ఇంకా నడుస్తూనే ఉంది. రాక్స్‌బరో కాలంలో నల్లతుమ్మ, తెల్లతుమ్మ, కాచునిచ్చే సండ్ర అన్నీ మైమోసాలు. సండ్రకు జాతి పేరుగా ఆయన తెలుగు మాటనే ‘సుంద్రా’ అని రాశాడు. తర్వాత అవన్నీ అకేసియాలయ్యాయి. 2005 వియన్నా మహాసభ అకేసియా పేరును ఆస్ట్రేలియా చెట్లకు కేటాయించడంతో మళ్లీ మారాయి: తుమ్మలు రెండూ వాచెల్లియా, సండ్ర సెనెగాలియా. తెలుగు రైతు సండ్రను ఏనాడూ తుమ్మ అనలేదు.