ప్యాకెట్‌కు దారి చూపే విద్య

కంప్యూటర్ నెట్‌వర్క్‌లో మాట గానీ బొమ్మ గానీ ఏకధారగా ప్రవహించదు. చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది. పంపినవారి చిరునామా, చేరవలసిన చిరునామా మోసుకుంటూ ఒక్కో ముక్క విడిగా ప్రయాణిస్తుంది. ఈ ముక్కకే ప్యాకెట్ అని పేరు. జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలో దీని విలువ ఎక్కువగా తెలిసేది గల్ఫ్ నుంచి ఫోన్ వచ్చే వేళ. మెట్‌పల్లి, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు అరుదు. దుబాయిలో వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేదు కాబట్టి అక్కడివాళ్లు చాలామంది బోటిమ్ యాప్‌లోనే ఇంటివాళ్ల ముఖం చూస్తారు. దుబాయి ఇక్కడికి సూటిగా దాదాపు 2,500 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక, లెక్క ప్రకారం పోయి రావడానికి 25 మిల్లీసెకన్లు చాలు. అసలు కాల్‌లో ఆలస్యం అంతకంటే ఎక్కువే ఉంటుంది. దారి వంకరలు, మధ్యలో రౌటర్ల దగ్గర ప్యాకెట్లు వరుసలో నిలబడటం దీనికి ప్రధాన కారణాలు.

అన్నిటికీ కింద ఉండేది గాజుపోగు, అంటే ఫైబర్. కాంతి నడిచే దాని లోపలి భాగం మందం 9 మైక్రాన్లే. పోగు తెగిన చోట పై పూత ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్‌తో కొనను సమంగా కోసి, రెండు కొనలనూ స్ప్లైసింగ్ మెషిన్‌లో ఎదురెదురుగా పెడతారు. విద్యుత్ మెరుపు వాటిని కరిగించి కలుపుతుంది. అతుకు దగ్గర నష్టం 0.1 డెసిబెల్‌కు లోపు ఉంటే పని బాగా కుదిరినట్టు. చేయి కాస్త వణికినా, కొన మీద దుమ్ము నలుసు మిగిలినా మళ్లీ మొదలుపెట్టవలసిందే. పల్లెకు ఈ పోగును చేర్చడానికి కేంద్రం 2011లో మొదలుపెట్టిన పథకమే తర్వాత భారత్‌నెట్ అయింది. తెలంగాణలో రాష్ట్ర పథకమైన టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ తాగునీటి పైపులైన్ల కందకాల్లోనే ఫైబర్ గొట్టాలు కూడా వేశారు. రోడ్డును రెండుసార్లు తవ్వే ఖర్చు తప్పించిన మంచి ఆలోచన అది.

పోగు మీద దారి నిర్ణయించేది రౌటర్. ఏ రౌటర్‌కూ దారి మొత్తం తెలియనవసరం లేదు, తర్వాతి మజిలీ తెలిస్తే చాలు. ప్రపంచంలోని చిరునామాలన్నీ ఒక్కొక్కటిగా గుర్తుంచుకోలేదు కనుక వాటిని గుంపులుగా పట్టికలో రాసుకుంటుంది. ఒకే చిరునామాకు రెండు గుంపులు సరిపోతే, ఎక్కువ అంకెలు కలిసే చిన్న గుంపునే ఎంచుకుంటుంది. ఈ చిన్న నియమం ఎంత బలమైనదో 2008 ఫిబ్రవరి 24న తెలిసింది. పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపబోయి, యూట్యూబ్ ప్రకటించిన గుంపులోని చిన్న ముక్క ఒకటి తనదేనని ప్రకటించింది. ఆ ప్రకటన బయటికి పాకడంతో ప్రపంచంలో చాలాచోట్ల ప్యాకెట్లు అటే పోయి, దాదాపు రెండు గంటలు యూట్యూబ్ అందలేదు.

ఒక సంస్థ లోపలి దారులకు తరచూ ఓఎస్‌పీఎఫ్ అనే పద్ధతి వాడతారు. ఇందులో రౌటర్లన్నీ ఎవరికి ఎవరు పొరుగో పరస్పరం చెప్పుకొని, ఒకే పటం తయారుచేసుకుంటాయి. ఆపైన డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతితో ఖర్చు తక్కువైన దారి లెక్కగడతాయి. సాధారణంగా పది సెకన్లకోసారి పొరుగు రౌటర్‌ను పలకరిస్తాయి. నలభై సెకన్లు బదులు రాకపోతే అది పోయినట్టే లెక్క. సంస్థకూ సంస్థకూ మధ్య నడిచేది బీజీపీ. బీఎస్ఎన్ఎల్‌కు 9829 ఉన్నట్టే ప్రతి పెద్ద నెట్‌వర్క్‌కూ ఒక సంఖ్య ఉంటుంది. ఏ సంఖ్యల మీదుగా ఏ చిరునామాకు చేరవచ్చో బీజీపీ చాటుతుంది. ఇక్కడ దూరంతో పాటు ఒప్పందాలు, డబ్బు కూడా దారిని నిర్ణయిస్తాయి. దేశంలోని కంపెనీలు ఇక్కడిక్కడే ప్యాకెట్లు మార్చుకోవడానికి 2003లో నిక్సీ ఏర్పడింది. హైదరాబాద్‌లోనూ దాని కేంద్రం ఉంది.

ఒకే పోగు మీద పంచాయతీ ఆఫీసు, బ్యాంకు, బడి, ఇళ్లు అన్నీ నడవాలి. ఒకరి ప్యాకెట్లు మరొకరి కంట పడకూడదు. ఈ అవసరానికి పుట్టిందే నెట్‌వర్క్ వర్చువలైజేషన్. మొదటి మెట్టు వీలాన్. ప్యాకెట్‌ను మోసే ప్రతి ఫ్రేమ్‌కూ 12 బిట్ల గుర్తు తగిలిస్తారు. దాంతో 4,094 విడి నెట్‌వర్కులు వీలవుతాయి. మరో మెట్టు ఎంపీఎల్ఎస్. ఇందులో ప్యాకెట్‌కు ఒక లేబుల్ అంటిస్తారు. మధ్య రౌటర్లు చిరునామా విప్పకుండా లేబుల్ చూసే ముందుకు తోస్తాయి. వేలాది ఖాతాదారులుండే డేటా సెంటర్లకు వీలాన్ సంఖ్య చాలలేదు. 2014లో ప్రచురితమైన వీఎక్స్‌లాన్ 24 బిట్ల గుర్తుతో ఆ సంఖ్యను కోటీ అరవై ఏడు లక్షలు దాటించింది. ఫ్రేమ్ మొత్తాన్ని మరో ప్యాకెట్‌లో చుట్టి పంపడం దీని పద్ధతి. చుట్టు కోసం 50 బైట్లు అదనంగా పడతాయి. దారిలోని పరికరాలకు ఆ సంగతి ముందే చెప్పి ఉంచకపోతే పెద్ద ప్యాకెట్లు మధ్యలోనే పోతాయి.

ఇంత నేర్పుకూ ఒక హద్దుంది. ఒక్క తీగ మీద ఎన్ని వర్చువల్ నెట్‌వర్కులు నడిపినా, జేసీబీ పన్ను దిగితే అన్నీ ఒకేసారి ఆగుతాయి. ఎంపీఎల్ఎస్ ప్రత్యామ్నాయ దారిని ముందే సిద్ధం చేసుకొని 50 మిల్లీసెకన్లలో అటు మళ్లగలదు. కానీ ఆ దారి నేల మీద నిజంగా ఉండాలి. పైగా అది వేరే కందకంలో ఉండాలి. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన 1,39,579 కోట్ల రూపాయల సవరించిన భారత్‌నెట్ రెండో దారి లేని లోపాన్ని సరిగ్గానే గుర్తించింది. మండల కేంద్రాల్లోనూ పంచాయతీల్లోనూ ఎంపీఎల్ఎస్ రౌటర్లు పెట్టి, ఊళ్లను వలయంగా కలపాలన్నది అందులోని నిర్ణయం. వలయంలో ఒకవైపు తెగినా ప్యాకెట్లు రెండోవైపు నుంచి వస్తాయి. ఊరికి ఫైబర్ వస్తుందన్నప్పుడు వేగం ఎంతని అడిగినట్టే, రెండో దారి ఏ రోడ్డు వెంబడి వస్తుందో కూడా గ్రామసభలో అడిగి తెలుసుకోవాలి.